మిరప కల్లాల్లో నేర్చుకున్న సంగతి

(రోగుల బంధువుల కొరకు ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక మిషన్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



 మీలో అన్ని మతాలవారూ ఉన్నారు. రాత్రంతా వార్డు బయట బెంచీల మీద, చాపల మీద గడిపి, కళ్ళు మండుతున్నా ఈ గదిలోకి వచ్చి కూర్చున్నారు. అందుకు ముందుగా కృతజ్ఞతలు.

ప్రతిసారీ షుగరు గురించి, బీపీ గురించి, క్షయ గురించి డాక్టరు గార్లు చెబుతుంటారు. ఈసారి పురుగుమందు తాగి వచ్చినవారి ఇంటివాళ్ళతో మాట్లాడమని నన్ను అడిగారు. ఆ వార్డులో నేను చాలా ఏళ్ళు పని చేశాను. అయినా ఈ విషయంలో నాకు మొదటి పాఠం దొరికింది ఒక యువజన బృందంతో జీపులో పల్లెలు తిరిగినప్పుడు. ముందు ఆ తిరుగుడు గురించి చెప్పి, తరువాత మీకు కావలసిన సంగతులకు వస్తాను. కాస్త ఓపిక పట్టండి.

అది 2006వ సంవత్సరం. నర్సింగు డిప్లొమా పూర్తి చేసి నాలుగేళ్ళయింది. తపస్సుకాలంలో ఒక కతోలిక యువజన బృందం పల్లెలు తిరగబోతోందని, వెంట ఒక నర్సు ఉంటే బాగుంటుందని ఫాదరు గారు అన్నారు. ఆ ఏడు విభూది బుధవారం మార్చి 1న వచ్చింది. ఆ మరునాడు బయలుదేరి, ఏప్రిల్ 9 మట్టల ఆదివారం దాకా తిరిగాము.

బృందంలో ఎనిమిది మంది, అయిదుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. అందరూ పద్దెనిమిది, ఇరవై నాలుగేళ్ళ మధ్యవాళ్ళే. ఒకతను ఐటిఐ చదివి పని దొరక్క ఉన్నాడు. ఇద్దరు డిగ్రీ పరీక్షలకు చదువుకుంటామని పుస్తకాలు సంచిలో పెట్టుకొచ్చారు, ఒక్కనాడూ తెరవలేదు. డ్రైవరు, నేను కలిస్తే పది మందిమి. రంగు పోయిన మహీంద్రా జీపు. దాని పైన హార్మోనియం, డప్పు, మైకు సెట్టు, నాటికల దుస్తులున్న ట్రంకు పెట్టె, నీళ్ళ డబ్బాలు. నా మందుల పెట్టె మాత్రం ఎప్పుడూ నా ఒళ్ళోనే.

ఇలా ఊరూరా తిరగడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఆస్ట్రేలియా దేశం నుండి 1920లో డాక్టరు మేరీ గ్లోరీ గారు గుంటూరు వచ్చి, జె.ఎం.జె. కన్యస్త్రీల సభలో చేరి, ముప్ఫై ఏళ్ళకు పైగా ఇక్కడి పేదలకు వైద్యం చేశారు. కన్యస్త్రీ అయి ఉండి వైద్యం చేయడానికి పదిహేనవ బెనెడిక్టు పోపు గారి దగ్గర ప్రత్యేక అనుమతి రావలసి వచ్చింది. ఆమె ఆసుపత్రిలో కూర్చుని ఊరుకోలేదు, పల్లెలకు వెళ్ళారు, ఇక్కడి ఆడపిల్లలకే నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పారు. 1943లో కతోలిక ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కలిపింది కూడా ఆమే. ఇక యువతీయువకులు బృందాలుగా తిరగడమంటారా, అమెరికాలో 1981లో మొదలైన నెట్ మినిస్ట్రీస్ అనే సంస్థలో ఏటా పిల్లలు వ్యానుల్లో తొమ్మిది నెలలపాటు ఊళ్ళు తిరిగి తోటి యువతను కలుస్తారు, ఎక్కడికి పోతే అక్కడి కుటుంబాల్లో ఉంటారు. మాది నలభై రోజులే. వాళ్ళకు మంచు, మాకు రెంటచింతల ఎండ. అంతే తేడా.

ఫిరంగిపురంలో మొదలుపెట్టి, నరసరావుపేట మీదుగా పల్నాడులోకి వెళ్ళి, అక్కడి నుండి వినుకొండ, త్రిపురాంతకం దాటి మార్కాపురం వైపు, తిరుగు దారిలో పొదిలి, దర్శి, అద్దంకి. పొదిలి వైపు వెళ్ళినప్పుడు నీళ్ళ డబ్బాల విలువ తెలిసింది. అక్కడి భూమిలోని నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. నడి వయసుకే నడుము వంగిపోయినవాళ్ళు మా ముందు బిందెలు మోస్తుంటే, మా డబ్బా మూత తీయడానికి సిగ్గేసింది.

మేము అనుకున్న పద్ధతి మొదటి వారంలోనే తలకిందులైంది. సాయంత్రం ఆరింటికి పాటలు, ఏడింటికి నాటిక, ఎనిమిదింటికి ప్రార్థన అని కాగితం మీద రాసుకున్నాము. మార్చి నెలంటే మిరప కోతలు. ఆడవాళ్ళు చేల నుండి వచ్చేసరికే చీకటి పడుతుంది. నీళ్ళు పోసుకుని, పొయ్యి వెలిగించి, పిల్లలకు పెట్టి, గుడి దగ్గరకు వచ్చేసరికి తొమ్మిది. పది దాటితే కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే జోగుతారు. మగవాళ్ళు అసలు రారు, కల్లం దగ్గర కాపలా పడుకోవాలి. ఎండబెట్టిన కాయ ఒక్క రాత్రిలో మాయమైతే ఏడాది కష్టం పోయినట్టే. అందుకని మేమే కల్లాలకు పోవడం మొదలుపెట్టాము. ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన పట్టాల మీద కూర్చుని పాటలు పాడేవాళ్ళం. ఆ ఘాటుకు తుమ్ములు, దగ్గులు. హార్మోనియం వాయించే అమ్మాయి ముక్కుకు గుడ్డ కట్టుకుని వాయించేది. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుండి కోతలకు వచ్చిన కూలీలు పిల్లాపాపలతో చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉండేవాళ్ళు. పగటిపూట ఆ పిల్లలకు పాటలు నేర్పేవాళ్ళం.

పడక గుడి వరండాలో. ఆడపిల్లలం బడి గదిలో. తిండి ఇంటికి ఇద్దరు చొప్పున. ఇది ఫాదరు గారు పెట్టిన నియమం, చాలా మంచి నియమం. పది మందికి ఒకేచోట వండిపెట్టమంటే అది పెళ్ళి భోజనం అవుతుంది. ఇద్దరు వెళితే ఇంట్లో ఉన్న గోంగూర పచ్చడే పెడతారు, తింటున్నంతసేపూ పక్కన కూర్చుని ఇంటి సంగతులు చెబుతారు.

నా మందుల పెట్టెకు పని బాగానే దొరికింది. ఎక్కువమందికి చేతుల మంట. మిరపకాయ మంటకు ఉత్త చన్నీళ్ళు పోస్తే పోదు. ముందు వంటనూనె రాసి గుడ్డతో తుడిచి, తరువాత సబ్బుతో కడగాలి. ఆ చేత్తో కళ్ళు నలపకూడదు, పసిబిడ్డకు పాలిచ్చే తల్లులు మరీ జాగ్రత్త. పత్తి చేలకు, మిరప చేలకు మందు కొట్టి వచ్చి తల తిరుగుతోందనేవాళ్ళూ వచ్చేవాళ్ళు. వాళ్ళకు నేను చెప్పినదే మీకూ చెబుతున్నాను. గాలికి ఎదురుగా నిలబడి కొట్టకండి, మందును చేత్తో కలపకండి, అడ్డం పడిన నాజిలును నోటితో ఊదకండి, ఇంటికి రాగానే ఆ బట్టలు విడిచి స్నానం చేయండి, వాటిని విడిగా ఉతకండి.

ఇప్పుడు అసలు సంగతి.

మా దగ్గర మేమే రాసుకున్న నాటిక ఒకటి ఉంది. 1987-88లో పత్తికి తెల్లదోమ తగిలి, ఎన్ని మందులు కొట్టినా చావక, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆ మందే తాగి చనిపోయిన సంగతి మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మా పిల్లలు అది ఇళ్ళల్లో విని పెరిగినవాళ్ళు. అందుకే ఆ కథ రాశారు. అప్పులపాలైన రైతు మందు తాగి చనిపోతాడు. భార్య గుండెలు బాదుకుంటుంది. చివరికి గురువు వేషం వేసినతను వచ్చి, ప్రాణం దేవుడిచ్చినది, తీసుకోవడం పాపం అని ఉపదేశం చెబుతాడు. ఏ ఊళ్ళో వేసినా జనం ఏడ్చారు. వాళ్ళు ఏడుస్తుంటే మేము బాగా వేశామని సంతోషించాము.

మూడో వారంలో ఒక ఊళ్ళో, ఊరి పేరు చెప్పను, నాటిక సగంలో ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. వెనకాలే ఆయన భార్య చంటిబిడ్డను ఎత్తుకుని గబగబా వెళ్ళింది. మేము పట్టించుకోలేదు. మరునాడు పొద్దున ఆ ఇంటికే భోజనానికి వెళ్ళవలసిన వంతు నాకూ, నాటికలో రైతు వేషం వేసిన కుర్రాడికీ పడింది. అతనికి పందొమ్మిదేళ్ళు. అన్నం వడ్డిస్తూ ఆ ఇంటి పెద్దావిడ నెమ్మదిగా అంది.

"మీ ఆట బాగానే ఉంది సిస్టరమ్మా. కాకపోతే రాత్రి నుంచి మావాడు ముద్ద ముట్టలేదు. ఆసుపత్రి నుంచి వచ్చి ఇరవై రోజులే అయింది."

(నేను కన్యస్త్రీని కాను, ఉత్త నర్సునే. పల్లెల్లో తెల్లచీర కడితే సిస్టరమ్మే.)

మా ఇద్దరికీ ముద్ద గొంతులో అడ్డం పడింది. బతికి వచ్చిన మనిషి ముందు అతని చావును ఆడి చూపించాము. అతని భార్య ఎలా ఏడుస్తుందో చూపించాము. పైగా నీవు చేసింది పాపమని మైకులో చెప్పాము. నర్సునై ఉండి నాకు ఆ ఆలోచన రాలేదు. ఇప్పటికీ ఆ పెద్దావిడ మాట గుర్తొస్తే నాకు తల వంగిపోతుంది.

ఆ కుర్రాడు క్షమాపణ చెప్పాలని కల్లం దగ్గరకు వెళ్ళాడు. ఆయన కాయ తిరగబోస్తున్నాడు. ఇతను ఏమీ చెప్పలేక, పక్కన నిలబడి తనూ తిరగబోశాడు. తాలు కాయ ఏరాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదట. రెండో రోజూ అంతే. బృందం పక్క ఊరికి వెళ్ళవలసి ఉంటే ఫాదరు గారు ఆగమన్నారు. మూడో రోజు సాయంత్రం నేను మజ్జిగ తీసుకుని వెళ్ళేసరికి ఆయన మాట్లాడుతున్నాడు.

"అప్పు నాకొక్కడికేనా తమ్ముడూ, ఊరందరికీ ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎవరూ నాతో మాట్లాడటం లేదు. చూస్తున్నారు. నేను దొడ్లోకి పోతే ఎవరో ఒకరు వెనకాల. తాడు దాచారు, కత్తిపీట దాచారు. నా బావమరిది పరువు తీశావన్నాడు. ఇంకెవరూ ఏమీ అనరు. ఎందుకు తాగావురా అని ఒక్కరన్నా అడిగితే చెబుదామని ఉంది."

కుర్రాడు అడిగాడు, "ఎందుకన్నా?"

రాత్రి పొద్దుపోయేదాకా చెప్పాడు. కౌలు, వడ్డీ, పురుగుమందుల కొట్టులో బాకీ, యార్డులో ధర పడిపోవడం, తాగుడు, ఆ రోజు భార్యతో జరిగిన గొడవ. అది ఇక్కడ వివరించను, అది ఆయన సొంతం. చివర్లో నేను, నర్సుగా నాకు నేర్పిన ప్రశ్న అడిగాను. "ఇప్పుడు కూడా చచ్చిపోవాలని అనిపిస్తోందా అన్నా?" ఆయన కొంచెంసేపు ఆగి, "అప్పుడప్పుడు. ఇప్పుడు కాదు" అన్నాడు. ఇలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అవ్వదు. అడిగితే మనిషికి బరువు తగ్గుతుంది, మనకు ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది.

ఆ తరువాతి ఊరి నుండి నాటిక మార్చేశాము. రైతు చనిపోడు, మందు తాగే ఘట్టమూ లేదు. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చి గడపలో నిలబడతాడు. అక్కడ నాటిక ఆపి జనాన్ని అడిగేవాళ్ళం, ఇప్పుడు మీరైతే ఈయనతో మొదట ఏం మాట్లాడతారు అని. ఉపదేశం తీసేసినందుకు గురువు వేషం వేసిన అబ్బాయి రెండు రోజులు అలిగాడు. కానీ జనం మాట్లాడేవాళ్ళు. మా నాటిక ఇరవై నిమిషాలైతే వాళ్ళ మాటలు గంట. ఒక ముసలాయన, "రారా, కాళ్ళు కడుక్కో, అన్నం తిందాం అంటాను" అన్నాడు. నాకు తెలిసి అంతకంటే మంచి జవాబు ఎవరూ చెప్పలేదు.

ఇక మీ సంగతికి వస్తాను. మీ మనిషి లోపల మంచం మీద ఉన్నాడు. విరుగుడు ఇంజక్షన్ల వల్ల నోరెండిపోయి, పలవరిస్తూ, పైపులు పీకేసుకోబోతుంటే చేతులు కడతాము. అది చూసి పిచ్చెక్కిందని ఏడవకండి. అది మందు ప్రభావం, తగ్గిపోతుంది. మీరు జాగ్రత్త పడవలసింది ఆ తరువాత. రెండో రోజున మనిషి లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. వెంటనే ఇంటివాళ్ళు సంతకం పెట్టి తీసుకుపోతామంటారు. ఖర్చు భయం నాకు తెలుసు. కానీ చాలా పురుగుమందుల్లో మొదటి రోజు దాటాక, నాలుగో రోజులోపల, మెడ, ఛాతీ కండరాలు ఒక్కసారిగా సత్తువ కోల్పోతాయి. దిండు మీద నుండి తల ఎత్తలేకపోవడం మొదటి గుర్తు. ఆ తరువాత ఊపిరి ఆగిపోవచ్చు. ఇది ఇంట్లో జరిగితే మీరు చేయగలిగిందేమీ ఉండదు. కొన్ని గడ్డిమందుల్లో మనిషి మొదట బాగానే ఉండి తరువాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. డాక్టరు గారు పొమ్మనేదాకా ఉంచండి. డబ్బు ఇబ్బంది ఉంటే దాచుకోకుండా ముందే చెప్పండి.

ఏ మందో తెలియకపోతే వైద్యం ఆలస్యమవుతుంది. అందుకని డబ్బా గాని, దాని మీది కాగితం గాని తప్పక తేవాలి. ఊళ్ళో ఇంకెవరికైనా ఇలా జరిగితే ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, పేడనీళ్ళు పోసి కక్కించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయి మందు కంటే ముందే ప్రాణం తీస్తుంది. బట్టలు తీసేసి, ఒళ్ళు, జుట్టు సబ్బుతో కడిగి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. కడిగేవాళ్ళు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోండి.

పోలీసు భయంతో, పొరపాటున తాగాడని చెబుతారు. మాతో నిజం చెప్పండి. ఆసుపత్రి నియమం ప్రకారం కేసు నమోదు చేయక తప్పదు గాని, అది శిక్ష కోసం కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతనికి వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత అని చెబుతోంది. 2024 జూలై నుండి అమలులో ఉన్న కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షను లేనే లేదు.

కతోలికులు కొందరు నన్ను చాటుగా ఇంకొకటి అడుగుతారు. మా వాడు చనిపోతే గుడిలో పూజ చేస్తారా, సమాధుల తోటలో స్థలం ఇస్తారా అని. చేస్తారు, ఇస్తారు. 1983 నాటి శ్రీసభ చట్టంలో అలాంటివారికి అంత్యక్రియలు నిరాకరించాలని లేదు. తీవ్రమైన మనోవేదనలో ఉన్నవాడి బాధ్యత తగ్గుతుందని, అతని రక్షణ గురించి నిరాశపడవద్దని శ్రీసభ సత్యోపదేశమే చెబుతోంది. ఎవరైనా వేరే మాట అంటే ఫాదరు గారి దగ్గరకు తీసుకురండి.

ఇంటికి వెళ్ళాక పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి. పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ళ దగ్గర ఉంచండి. ఏం లాభం, కావాలనుకునేవాడు ఎలాగైనా చేస్తాడంటారు చాలామంది. అది నిజం కాదు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటే నిషేధించాక, 1995 తరువాతి ఇరవై ఏళ్ళలో ఆత్మహత్యలు సుమారు 70 శాతం తగ్గాయి. ఆ ఘడియ చాలామందికి కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. దాచడం మాత్రం గూఢచారి పని లాగా చేయకండి. "నీ మీద ప్రేమతో తీశాం" అని అతనికే చెప్పి తీయండి.

బాకీలన్నీ ఒక కాగితం మీద రాయండి, ఎవరికెంత, వడ్డీ ఎంత. అతనితోనే రాయించండి. తలలో తిరిగే అప్పు కంటే కాగితం మీది అప్పు చిన్నదిగా కనబడుతుంది. తాగుడు ఉంటే దానికి వైద్యం ఉంది. నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీరు హాయిగా ఉంటారు" అనడం, ఇవి కనిపిస్తే ఆగకండి, తీసుకురండి. రాలేని రాత్రి 14416కి ఫోను చేయండి. టెలి మానస్ అంటారు, 2022 నుండి ఉంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మీ కోసం కూడా చేయవచ్చు. కాపలా కాసేవాళ్ళకు కూడా గుండె ఉంటుంది కదా.

అడగడం ఎలా అంటారేమో. మంచం ఎదురుగా కూర్చుని విచారణ చేసినట్టు అడగకండి. ఏదైనా పని చేస్తూ, పక్కన ఉండి అడగండి. మా కుర్రాడు మిరపకాయలు తిరగబోశాడు, మీరు చిక్కుడుకాయలు ఒలవండి. చెప్పేటప్పుడు మధ్యలో బుద్ధులు చెప్పకండి. అది నేను నా నోరు కట్టుకుని నేర్చుకున్నాను.

ఆ రైతును మళ్ళీ 2009లో చూశాను. అప్పటికి బృందంలో ముగ్గురికి పెళ్ళిళ్ళయ్యాయి, జీపు కూడా మారింది. దారిలో ఆ ఊరు తగిలితే ఆగాము. ఆయన కల్లం దగ్గరే ఉన్నాడు. అప్పు ఇంకా తీరలేదన్నాడు, చంటిది బడికి పోతోందన్నాడు. నాటిక కుర్రాణ్ణి చూసి, "ఈసారి నా వేషం ఎవరేస్తున్నారు తమ్ముడూ?" అని నవ్వాడు. వద్దంటున్నా ఒక సంచి ఎండు మిరపకాయలు జీపులో పడేశాడు. గుంటూరు దాకా అందరం తుమ్ముకుంటూ వచ్చాము.